రెండున్నరకు పలికిన మఠం

సెగోవియాలో కాల్చిన పందిపిల్లను కత్తితో కోయరు. పింగాణీ పళ్లెం అంచుతో కోస్తారు. మాంసం అంత మెత్తగా కాలిందనడానికి అదే సాక్ష్యం. కోయడం అయ్యాక హోటలు యజమాని ఆ పళ్లేన్ని తలకన్నా పైకెత్తి నేలకేసి కొడతాడు. జనం చప్పట్లు కొడతారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు పళ్లెం భళ్లున పగిలింది. అరవై మంది చప్పట్లు కొట్టారు. ఆ హోరులో ఒక సైలెన్సర్ చిన్నగా దగ్గింది.

లియాండ్రో కూడా అందరిలాగే పళ్లెం వైపే చూశాడు. తల తిప్పేసరికి ఎదురు కుర్చీలో ఉన్న బెనిగ్నో గడ్డం ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. తూటా కుర్చీ వీపును చీల్చుకుని వచ్చింది. చొక్కా గుండీల మధ్య నుంచి నెత్తురు తీరిగ్గా దిగుతోంది. అంతలో వెయిటర్ వచ్చి మాంసం ముక్క బెనిగ్నో కంచంలో పెట్టి, "వేడిగా ఉన్నప్పుడే తినెయ్యండి సార్" అని చెప్పి పక్క బల్లకు వెళ్లిపోయాడు.

పంతొమ్మిదేళ్లు కలిసి పనిచేశారు ఇద్దరూ. అన్నేళ్లలో లియాండ్రో చూపు తిప్పింది ఆ ఒక్క క్షణమే.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి మాడ్రిడ్‌లో, టోపీల కొట్టు పైన, పళ్ల డాక్టరు బోర్డు తగిలించిన గదిలో లియాండ్రో తన గూఢచార ఏజెన్సీ చీఫ్ రెమెడియోస్ ముందు నిలబడ్డాడు. ఆవిడకు అరవై దాటాయి. ఆ బోర్డు చూసి ఎవరైనా పన్ను నొప్పితో మెట్లెక్కి వస్తే మాత్ర ఇచ్చి పంపేస్తుంది.

"కూర్చో. నిద్రపోయావా?"

"పోయాను మేడమ్."

"అబద్ధం. సరేలే, విను. చచ్చిపోయే ముందు బెనిగ్నో ఒక అమ్మాయిని దాచాడు. పేరు మిలేనా. ఇరవై ఆరేళ్లు. మొన్నటిదాకా ఆ విదేశీ ముఠాకు వైర్‌లెస్ ఇంజనీరు. మన దేశంలో వాళ్లకు అమ్ముడుపోయిన ముప్పై నాలుగు మంది పేర్లు ఆ పిల్ల తలలో ఉన్నాయి. కాగితం మీద లేవు. తల పోతే పేర్లూ పోతాయి."

"ఎక్కడుంది?"

"టొలెడోలో, శాంతా బ్రిజిదా మఠంలో. బయటి మనిషికి మొహం చూపించని సిస్టర్లు. అందులో ఒకావిడ బెనిగ్నోకు మేనత్త, మదర్ సాక్రమెంతో. మిలేనా అక్కడ తెల్ల ముసుగేసుకుని పదకొండు రోజులుగా బాదం పప్పు రుబ్బుతోంది."

"ముఠాకు తెలుసా?"

"టొలెడో అని తెలుసు. ఏ మఠమో తెలీదు. ఆ ఊళ్లో రాయి విసిరితే మఠం మీద పడుతుంది కదా. అందుకే బెనిగ్నోను తీసేశారు. వాడు పోతే మనం కంగారుపడి పిల్లను బయటికి తెస్తాం, అప్పుడు పట్టుకోవచ్చని."

"మనం తేబోతున్నాం కదా మేడమ్."

"తప్పదు. రేపు పొద్దున్న విమానం. ఇవాళ నువ్వు టూరిస్టు గైడువి. పొద్దున్న వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే బస్సు. టొలెడోలో గైడు మొహం ఎవరూ చూడరు. వాడి గొడుగు చూస్తారు." ఆవిడ పిడిలో కెమెరా ఉన్న పసుప్పచ్చ గొడుగొకటి బల్ల మీద పెట్టింది. "మఠం వాళ్లు ఒంటిగంటన్నరకు తోర్నో, అదే మిఠాయిలు అమ్మే గోడ కంత, మూసేస్తారు. ఆ లోపలే వెళ్లు. కోడ్‌వర్డ్: 'ఒంటికన్ను పాము కావాలి.' బాదం ముద్దతో పాము చుట్టలు చేస్తారుగా, అవి. ఆ మాట వింటేనే మదర్ పిల్లను పంపిస్తుంది."

"నేనొక్కణ్నే వెళ్తాను."

"వెళ్లవు. అరసేలి నీతో వస్తుంది. చోటు ఆమెకు చెప్పు. కోడ్ మాత్రం నీ నోట్లోనే ఉండనీ." గొంతు తగ్గించి అంది: "ఆ పిల్ల బతకాలి లియాండ్రో. లేకపోతే బెనిగ్నో ఉత్తినే పోయినట్టు."

లియాండ్రో గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.

తొమ్మిదిన్నరకు బస్సు కదిలింది. ముప్పై ఒక్క మంది. అందరి మెడల్లో అగ్గిపెట్టెంత రిసీవరు, చెవిలో ఇయర్‌ఫోను. గైడు కాలరుకున్న మైకులో గుసగుసలాడినా నూట యాభై మీటర్ల దూరం అందరికీ వినపడుతుంది.

నాలుగో వరసలో ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు, నల్ల టోపీ. అరసేలి. ఆమె ఎక్కగానే బస్సులో మగవాళ్లు నడుములు నిటారు చేసుకున్నారు. ఏజెన్సీలో ఆమెకు మూడేళ్ల సర్వీసు. బుర్గోస్ ఊరి పిల్లనని, సిస్టర్ల బడిలో చదువుకున్నానని చెబుతుంది. ఆ పక్క సీటు మెక్సికో నుంచి వచ్చిన డోన్యా చెలోది. డెబ్బై ఏళ్ల మనిషి, ఒళ్లో చిరుతిళ్ల సంచి. బస్సు ఊరు దాటకముందే ఆవిడ అరసేలికి తన నలుగురు కోడళ్ల కథా చెప్పేసింది.

"పెళ్లయిందామ్మా?"

"లేదండీ."

"ఇంత ఎర్ర కోటు వేసుకుని కూడానా? మా ఊళ్లో అయితే ఈ పాటికి ఇద్దరు పిల్లలు."

బస్సు దిగి కోట ద్వారం వైపు నడుస్తుండగా అరసేలి లియాండ్రో పక్కకు వచ్చింది.

"ఎక్కడ?" అంది పెదవులు కదపకుండా.

"శాంతా బ్రిజిదా. ఒంటిగంటకు."

"కోడ్?"

"అది నాకే తెలియాలట."

"నన్ను నమ్మట్లేదా?"

"నన్నే నేను నమ్ముకోవట్లేదు అరసేలి. మొన్నటి నుంచీ."

ఆమె అతని చెయ్యి మెత్తగా నొక్కింది. "బెనిగ్నో మంచివాడు," అంది. ఫోను తీసి ఎత్తైన కోట గోడను ఫొటో తీసుకుంది. తర్వాత ఏదో టైపు చేసింది. టూరిస్టులందరూ చేసే పనే.

పదకొండున్నరకు కేథడ్రల్ దగ్గరి రాళ్ల వీధిలో అరసేలి కాలు బెణికింది.

"అయ్యో!" అని ఆమె కూలబడిన తీరుకు పదిమంది పరుగెత్తారు. మందుల షాపు, ఐసు, కట్టు. ఆమె లేవలేదు. లేచాక నడవలేదు. నడిచాక ప్రతి మలుపులోనూ కూర్చుంది. కేథడ్రల్ తనిఖీ గేటు దగ్గర, "మీరు లోపలికెళ్లి రండి, నేనిక్కడే ఉంటా" అంది. లోపల ముప్పై మందికి బలిపీఠం గురించి చెబుతూ లియాండ్రో గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా పది. ఈ కుంటినడకతో మఠం అరగంట దూరం. ఆమెను వదిలేసి పోతే, ముఠావాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఇంకో బెనిగ్నోను వదిలేసినట్టవుతుంది. వదల్లేదు.

రెండుంబావుకు టూరిస్టులను చిన్న చౌకులోని హోటలు ముందు దింపాడు. "మూడున్నర దాకా భోజనాలు. తర్వాత ఇక్కడే కలుద్దాం. ఇయర్‌ఫోన్లు మాత్రం తియ్యకండి, అందులోనే పిలుస్తాను."

"మా అమ్మాయి కుంటుతోంది, ఎక్కడికి తీసుకుపోతున్నావయ్యా?" అంది డోన్యా చెలో.

"డాక్టరు దగ్గరికమ్మా."

"ఈ వేళప్పుడు డాక్టరు తన పళ్లెం దగ్గరుంటాడు. మీ దేశం వచ్చి నాలుగు రోజులైంది, నాకే తెలిసిపోయింది."

ఆ మాటకు లియాండ్రో నవ్వాడు. ఆదివారం తర్వాత నవ్వడం అదే మొదలు.

శాంతా బ్రిజిదా సందులో మనిషన్నవాడు లేడు. కిటికీ తలుపులన్నీ మూసి ఉన్నాయి. మఠం గడపలో రెండు మెట్లు, మేకులు కొట్టిన పాత తలుపు, దాని పక్కన గోడలో తోర్నో. నిలువుగా బిగించిన చెక్క పీపా అది. ఒక వైపే తెరిచి ఉంటుంది. లోపలి సిస్టర్ అందులో మిఠాయి పెట్టె పెట్టి తిప్పితే తెరిచిన వైపు ఇవతలికి తిరుగుతుంది. ఎవరి మొహం ఎవరికీ కనపడదు.

ఇప్పుడు సిస్టర్ల భోజనాలై పడకలు కూడా పడి ఉంటాయి. నాలుగింటిదాకా అంతే. ఆ మాట చెప్పే బోర్డు ఏ మఠం మీదా ఉండదు. పొద్దున్న సూర్యుడు వస్తాడని బోర్డు పెడతారా?

"బెల్ కొట్టు," అంది అరసేలి వెనక నుంచి.

"ఇప్పుడా?"

"మరెప్పుడు? లోపల ఉండేవాళ్లేగా, ఎక్కడికి పోతారు? కొట్టు."

లియాండ్రో గొలుసు లాగాడు. లోపల ఎక్కడో గంట మోగింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపలే పీపా వెనక నుంచి గొంతు పలికింది.

"చెప్పండి నాయనా. ఏం కావాలి?"

గొంతు తేనెలా ఉంది. ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు.

లియాండ్రో గొలుసు వదిలాడు. పోప్ గారే స్వయంగా వచ్చి గొలుసు లాగినా ఈ వేళప్పుడు టొలెడోలో ఏ మఠమూ పలకదు. పలికింది సిస్టర్ కాదు. వేషం నేర్చుకున్నారు, యాస నేర్చుకున్నారు, ప్రార్థనలు కూడా నేర్చుకునే ఉంటారు. మధ్యాహ్నం పూట నిద్రపోవడం నేర్చుకోలేదు. వాళ్ల దేశంలో గంట మోగితే పలకడమే మర్యాద కాబోలు.

రెండో ఆలోచన మొదటిదాని మడమ తొక్కుకుంటూ వచ్చింది. బుర్గోస్ సిస్టర్ల బడిలో చదివిన పిల్లకు ఈ సంగతి తెలియకపోవడమేమిటి? మఠం పేరు తను చెప్పింది ఒక్కరికే. కాలు బెణికించుకుని ముఠాకు గంటన్నర సమయం ఇచ్చింది కూడా ఆమే. తనిఖీ గేటు దాటని మనిషి కూడా ఆమే. ఆ గేటు దాటాలి కాబట్టి లియాండ్రో తుపాకీ తెచ్చుకోలేదు. ఆమె కోటు జేబు మాత్రం బరువుగా ఉంది.

లోపల మిలేనా ఇంకా బతికే ఉంది. లేకపోతే ఈ నాటకం అవసరం లేదు. ముసుగుల్లో పన్నెండు మంది, అందులో ఎవరో వీళ్లకు తెలీదు. కోడ్ చెవిన పడితే మదరే చేతులారా అప్పగిస్తుంది. వీళ్లు కాచుకుని ఉన్నది ఆ మాట కోసమే.

"సిస్టర్, నేను చెప్పాల్సిన మాట గట్టిగా అనకూడదన్నారు," అన్నాడు లియాండ్రో. "రాసి పెడతాను, తీసుకోండి."

"అలాగే నాయనా."

వెనక అరసేలి చిన్నగా ఊపిరి వదలడం వినిపించింది. సంచిలోంచి కాగితం తీస్తూ లియాండ్రో ఎడం చేత్తో తన స్పేర్ రిసీవరు కూడా తీసి, వాల్యూము చివరిదాకా తిప్పి గుప్పిట్లో దాచాడు. కాగితం మీద ఒక గీత గీసి పీపాలో పెట్టాడు. సగం చుట్టు తిప్పాడు. తెరిచిన వైపు లోపలికి వెళ్లింది. చెక్క మీద గోళ్లు గీరుకున్న చప్పుడు. కాగితం కోసం చెయ్యి పీపాలోకి వచ్చింది.

ఒంటి బరువంతా వేసి భుజంతో పీపాను తోశాడు. పీపా అంచుకూ గోడ రాతికీ మధ్య ఆ చెయ్యి చెరుకుగడలా విరిగింది. లోపల నుంచి వచ్చిన కేకలో తేనె లేదు.

అదే క్షణంలో గుప్పిట్లోని రిసీవరును కాలరు మైకుకు ఆనించాడు.

సూది లాంటి కూత ముప్పై ఒక్క చెవుల్లో ఒకేసారి దిగింది. అవతల చౌకులో సూప్ గిన్నెలు ఒలికాయి, ఎవరో ముసలాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఇవతల సందులో అరసేలి కుడి చెయ్యి అప్పటికే పిస్టల్‌తో బయటికి వచ్చింది. ఎడం చెయ్యి చెవి మీదికి పోయింది. గురి తప్పింది. తూటా లియాండ్రో ఎడమ పక్కటెముకల కింద తోలు చీల్చుకుపోయింది.

అతను ఆమె మణికట్టు పట్టుకుని విరిచాడు. ఇద్దరూ మెట్ల మీద దొర్లారు. ఆమె మోకాలితో గాయం మీద పొడిచింది. కళ్లు బైర్లు కమ్మినా అతను పట్టు వదల్లేదు. ఆమె పళ్లు అతని చెవి తమ్మెలో దిగాయి. పిస్టల్ ఇద్దరి మధ్యా నలిగి ఒకసారి దగ్గింది.

అరసేలి పట్టు సడలింది. మెట్టుకు ఆనుకుని, ఆశ్చర్యంగా తన కోటు వైపు చూసుకుంది. ఎరుపు మీద ఎరుపు. ఏమీ కనపడటం లేదు.

"సెగోవియాలో?" అన్నాడు లియాండ్రో.

"నేనే. నీ వెనక బల్ల దాటి వెళ్లి మరీ..." దగ్గింది. పెదవి మీద నెత్తురు. "చప్పట్లు కూడా కొట్టాను. ఎలా తెలిసింది నీకు?"

"బుర్గోస్ పిల్ల ఎవరూ రెండున్నరకు మఠం గంట కొట్టమనరు."

ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మూడు తూటాలు పెడితే గాని పక్క తలుపు తాళం ఊడలేదు. లోపల తోర్నో గదిలో నకిలీ సిస్టర్ నేల మీద కూర్చుని, వేలాడుతున్న చేతిని ఒళ్లో పెట్టుకుని మూలుగుతోంది. నోట్లో గుడ్డ కుక్కి మంచం కోడుకు కట్టేసిన అసలు సిస్టర్ కళ్లతోనే లియాండ్రోకు లోపలి వసారా చూపించింది. అడుగుల చప్పుడు అటే పరుగెత్తుతోంది. అంటే ఇంకొకడున్నాడు. మఠమంతా పడకల మీద ఉంది. వసారా చివర ఒక్క గదిలోంచే వెలుగు, కాగుతున్న చక్కెర వాసన.

అందరూ నిద్రపోయినా పాకం నిద్రపోదు. దాని పక్కన ఒకరు ఉండాల్సిందే. పాకం మీదున్న మనిషి గంట మోగినా, కేక వినపడినా పొయ్యి వదలదు.

లియాండ్రో గుమ్మంలోకి వచ్చేసరికి తోటమాలి బట్టల్లో ఉన్న బట్టతల మనిషి వంటగది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎడం చేత్తో ఒక అమ్మాయి మెడ వెనక పట్టుకున్నాడు. అతను లాగేసిన ముసుగు కింద పడుచు మొహం, పొట్టి జుట్టు కనపడుతున్నాయి. మిలేనా. పిస్టల్ గొట్టం ఆమె చెవి వెనక ఉంది.

లియాండ్రో ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది, అంతే.

బట్టతల మనిషి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. "అరసేలి ఎప్పుడూ ఐదే పెట్టుకుంటుంది. బరువైతే కోటు వేలాడుతుందట. పారెయ్ దాన్ని. గోడ వైపు తిరుగు."

లియాండ్రో పిస్టల్ వదిలేశాడు. గోడ వైపు తిరగలేదు. ఒకసారి చూపు తిప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు.

పొయ్యి దగ్గర ఎనభై ఏళ్ల సిస్టర్ రాగి బానలో గరిటె తిప్పుతూనే ఉంది. చిన్న మనిషి, వంగిన వీపు. మదర్ సాక్రమెంతో.

"ఏయ్ ముసలమ్మా, ఆపు అది," అన్నాడు బట్టతల మనిషి.

"ఆపితే అడుగంటుతుంది నాయనా. తీగ పాకం వచ్చే వేళ." గరిటె ఎత్తి చూసింది. పాకం సన్నని దారంలా సాగింది. "ఒక్క మాట చెప్పు. మా బెనిగ్నోను చంపినప్పుడు నువ్వున్నావా అక్కడ?"

"సెగోవియాలోనా? ఉన్నా. పక్క బల్లే. వాడి పళ్లెంలో మాంసం కూడా నేనే తిన్నా, చల్లారిపోతుందని." అతను మిలేనా తలను కిందికి వంచాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

మదర్ గరిటెడు పాకం అతని మొహాన కొట్టింది.

నీళ్లయితే జారిపోతాయి. పాకం జారదు. కళ్ల మీద, పెదవుల మీద, మెడ మీద అంటుకుని అక్కడే ఉండి ఉడికిస్తుంది. అతని అరుపుకు మఠంలో పడకలన్నీ లేచి కూర్చున్నాయి. పిస్టల్ పైకప్పులోకి పేలింది. మిలేనా నేల మీద పడి బల్ల కిందికి పాకింది. లియాండ్రో బాదం ముద్ద వత్తే చలవరాతి కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బకు పిస్టల్ పట్టుకున్న చెయ్యి వాలింది. రెండో దెబ్బకు మనిషి వాలాడు. మూడో దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టాడు.

వంటగదిలో పాకం బుడగల చప్పుడు మాత్రమే మిగిలింది. మదర్ వంగి పొయ్యి ఆర్పింది. గరిటె పక్కన పెట్టి సిలువ గుర్తు వేసుకుంది.

"కూర్చో నాయనా. పక్కన నెత్తురు కారుతోంది నీకు."

ఉతికిన వంటబట్ట చింపి ఆవిడే కట్టు కట్టింది. ముడి వేస్తూ తల ఎత్తకుండా అడిగింది: "ఆ రోజు వాడు... ఏమైనా తిన్నాడా?"

"తిన్నాడమ్మా. మాంసానికి ముందు చిక్కుడు గింజల కూర వచ్చింది. రెండుసార్లు పెట్టించుకున్నాడు."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

ఆవిడ తల ఊపింది. చిన్నప్పుడూ అంతే అని గొణుక్కుంది. నిజానికి బెనిగ్నో ఒక్కసారే పెట్టించుకున్నాడు. టొలెడోలో అడుగుపెట్టాక లియాండ్రో ఆడిన అబద్ధాల్లో మిషన్‌తో సంబంధం లేనిది అదొక్కటే.

రెమెడియోస్‌కు ఫోను చేశాడు. శవాలను, చెయ్యి విరిగిన మనిషిని తీసుకుపోవడానికి రొట్టెల వ్యాను వేషంలో జనం వస్తారు, గంట పడుతుంది అంది. తర్వాత అరసేలి ఫోను, ఇంకా వెచ్చగా ఉన్న ఆమె వేలు ఆనించి తెరిచాడు. చివరి మెసేజ్ ఎవరికో పంపింది: *బస్సు దగ్గరే ఉండు. నా ఎర్ర కోటు బస్సెక్కితే పని అయిపోయినట్టు, వెళ్లిపో. ఎక్కకపోతే బస్సులో ఎవరినీ వదలకు.*

లియాండ్రో ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. బస్సులో ముప్పై మంది. కోటు లేకుండా బస్సు కదలదు.

మిలేనా అతని భుజం మీదుగా చదివింది. వెళ్లి అరసేలి కోటు విప్పదీసి, తడి వైపు మడత లోపలికి పెట్టి తొడుక్కుంది. టోపీ, కళ్లద్దాలు పెట్టుకుంది. "పొడుగు సరిపోయిందా?" అంది.

"సరిపోయింది. నా వెనకే రా. పరుగెత్తకు."

మూడు ముప్పావుకు గొడుగు ఎత్తి పట్టుకుని లియాండ్రో తన మందను కోట ద్వారం దాటించాడు. టూరిస్టులు చెవులు రుద్దుకుంటూ గొణుగుతున్నారు. "ఆ కూతేంటయ్యా? మా ఆయన సూప్‌లో పడ్డాడు!" లియాండ్రో క్షమాపణలు చెబుతూ నడిచాడు. నిలబడితే పక్కటెముకలు మండుతున్నాయి, నడిస్తే ఇంకా మండుతున్నాయి.

బస్సుకు ఇరవై అడుగుల దూరంలో పేపర్ల దుకాణం. దాన్ని ఆనుకుని ఒక పొడుగాటి మనిషి, చేతిలో మడిచిన పేపరు. ఆ మడతలో పేపరుకు ఉండాల్సిన దానికంటే బరువు ఎక్కువ. అతని చూపు జనం మీదుగా జారుకుంటూ వచ్చి ఎర్ర కోటు మీద ఆగింది.

మిలేనా తల వంచుకుని, చకచకా, ఒద్దికగా నడుస్తోంది.

పొడుగాటి మనిషి కనుబొమలు ముడిపడ్డాయి. గోడకు ఆనిన వీపును నిటారు చేశాడు. మడిచిన పేపరు నడుము ఎత్తుకు లేచింది. ఎక్కడ తప్పు జరిగిందో లియాండ్రోకు అంతుబట్టలేదు. సంచిలో వేసుకున్న బట్టతల మనిషి పిస్టల్ తీసే వ్యవధి లేదు. గొడుగు కొన వైపు చూసుకున్నాడు. ఇరవై అడుగులు. చేరేలోపల మూడు తూటాలు.

అప్పుడు డోన్యా చెలో తన చిరుతిళ్ల సంచి లియాండ్రో చేతిలో కుక్కి, గబగబా నడిచి, ఎర్ర కోటు మోచెయ్యి పట్టుకుంది. ఒక్కసారి ఆ కళ్లద్దాల కిందికి చూసింది. కోటు అంచున బయటపడ్డ తడి మడతను చూసింది. దాన్ని వేలితో లోపలికి నెట్టింది. పెదవులు కదలకుండా గుసగుసలాడింది:

"కుంటమ్మా. పొద్దున్నుంచీ కుంటుతున్నావు."

మిలేనా అడుగు తడబడింది. కుడికాలు ఈడ్చింది.

"కుడి కాదు, ఎడమ," అంది డోన్యా చెలో, ఆమె బరువంతా తన మీదికి లాక్కుంటూ. వెంటనే వీధంతా వినపడేలా గొంతెత్తింది. "చెప్తే వింటేగా! కట్టు కట్టిన కాలితో కొండలెక్కుతావా? నా కోడళ్లూ ఇంతే, పెద్దదాని మాటంటే లెక్కే లేదు! ఎక్కు, మెల్లిగా, ఆ!"

ఎడమకాలు ఈడ్చుకుంటూ ఎర్ర కోటు బస్సు మెట్లెక్కింది.

పొడుగాటి మనిషి ఇంకో క్షణం చూశాడు. పేపరు చంకలో పెట్టుకున్నాడు. సిగరెట్ వెలిగించుకుని వంతెన వైపు నడిచి వెళ్లిపోయాడు. అతని ఫొటో అప్పటికే లియాండ్రో గొడుగు పిడిలోని కెమెరాలో పడింది. రాత్రి భోజనానికి అతను ఇంటికి చేరడు.

బస్సు కదిలింది. లియాండ్రో తలలు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. నాలుగో వరసలో మిలేనా కిటికీకి తల ఆనించి నిద్రపోయింది, పదకొండు రోజుల నిద్ర. లియాండ్రో వచ్చి డోన్యా చెలో పక్కన నడవలో చతికిలబడ్డాడు. ఆవిడ సంచిలోంచి బిస్కట్టు తీసి అతని చేతిలో పెట్టింది.

"అమ్మా, నిజం చెప్పండి. మీరు ఎవరి మనిషి? మీకు ఈ ట్రెయినింగ్ ఎవరిచ్చారు?"

"ట్రెయినింగా?" అంది డోన్యా చెలో, నిద్రపోతున్న పిల్ల మోకాళ్ల మీద తన శాలువా కప్పుతూ. "ముప్పై రెండేళ్లు అత్తగారితో ఒకే ఇంట్లో కాపురం చేశాను బాబూ. దాని ముందు మీదేం ఉద్యోగమనీ!"